రాత్రి రెండు గంటలకు పైపులో నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

ఒడిశాలోని బరంపురంలో మా వీధికి తెల్లవారుజామున కుళాయి వస్తుంది. ముందు పైపులోంచి గాలి బుస్సుమంటూ తన్నుకొస్తుంది, తర్వాత తుప్పురంగు నీళ్లు, ఆ తర్వాతే తేటనీళ్లు. మా అమ్మ మొదటి రెండు బిందెలూ మొక్కలకి పోసేస్తుంది. మూడో బిందె నిండేలోపు వీధిలో టుల్లు మోటార్లు ఒక్కొక్కటే మొదలవుతాయి. ఒక ఇంట్లో వేశారంటే పక్కింటివాళ్లూ వెయ్యాల్సిందే, లేకపోతే వాళ్లకి చుక్క రాదు. మోటారు లేని ఇళ్లలో ధార సన్నబడి దారంలా అయిపోతుంది. నిన్న పట్టిన నీళ్లు పాతబడ్డాయని పారబోసి కొత్తవి పట్టుకునేవాళ్లూ ఉన్నారు. గంటన్నర అయ్యాక కుళాయి ఆగిపోతుంది.

స్మార్ట్ సిటీ అనే మాట వచ్చినప్పుడల్లా నాకు ఈ గంటన్నరే గుర్తొస్తుంది. మా ఊళ్లో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: భువనేశ్వర్‌ని చేశారు, రూర్కెలాని చేశారు, అటు విశాఖపట్నాన్నీ కాకినాడనీ చేశారు, మధ్యలో ఉన్న బరంపురం ఏం పాపం చేసింది? ఆ ప్రశ్నలోని బాధ నాకు తెలుసు. మా ఊరున్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. కోర్టుపేట, కోమపల్లి, లంజిపల్లి వంటి పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి. రెండు రాష్ట్రాల రాజధానులకీ దూరంగా ఉన్న ఊరు కాబట్టి ఏ జాబితాలో పేరు లేకపోయినా మమ్మల్ని మర్చిపోయారనే అనిపిస్తుంది. అయితే ఆ జాబితాలో పేరు ఉంటే ఏం వచ్చేది, లేకపోతే ఏం పోయింది అన్నది కాస్త విప్పి చూడాలి.

స్మార్ట్ సిటీస్ మిషన్ 2015 జూన్ 25న మొదలైంది. 2016 జనవరిలో వచ్చిన 20 నగరాల మొదటి జాబితాలో భువనేశ్వర్‌ది మొదటి స్థానం. విశాఖ, కాకినాడ కూడా అందులోనే ఉన్నాయి. తెలుగు పద్మశాలీలు తరతరాలుగా మగ్గాలు నడిపిన షోలాపూర్ కూడా ఆ 20లో ఒకటి. 2018 నాటికి మొత్తం 100 నగరాలయ్యాయి. కేంద్రం ఒక్కో నగరానికి సుమారు 500 కోట్లు ఇచ్చేది, అంతే మొత్తం రాష్ట్రమూ స్థానిక సంస్థా కలిపి పెట్టుకోవాల్సి ఉండేది. ఆ డబ్బుతో రెండు రకాల పనులు చెయ్యాల్సి ఉండేది. ఒకటి, నగరంలో ఒక భాగాన్ని ఎంచుకుని అక్కడ రోడ్లు, కాలువలు, పార్కులు అన్నీ ఒకేసారి బాగుచెయ్యడం. రెండోది, నగరమంతటికీ పనికొచ్చే ఒక టెక్నాలజీ వ్యవస్థ పెట్టడం. ఈ పనుల కోసం కంపెనీల చట్టం కింద ఒక ప్రత్యేక సంస్థను ఏర్పాటు చెయ్యాల్సి ఉండేది. మిషన్ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 మార్చి 31తో ముగిసింది.

మొదటి రకం పనిలోనే ఒక చిక్కుంది. ఎంచుకున్న భాగం నగరంలో చిన్న ముక్క. ఆ ముక్క పక్క వీధిలో ఉన్నవాడికి ఆ రోడ్డు మీద నడిచే అవకాశం వస్తుంది గాని వాడి ఇంటి కాలువ మారదు. స్మార్ట్ సిటీలో ఉన్న మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు నేను చూసింది ఇదే.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అదే 2015 జూన్ 25న ‘అమృత్’ అనే ఇంకో పథకం కూడా మొదలైంది. నీళ్లు, మురుగు, వాన కాలువలు, పార్కులు దాని పనులు. దేశంలో 500 నగరాలను అందులో చేర్చారు. బరంపురాన్ని కూడా చేర్చారు. ఆ పేరుకి స్మార్ట్ సిటీకి ఉన్నంత ఆకర్షణ లేదు, ప్రారంభోత్సవాలకు పెద్దగా పనికిరాదు. కానీ మా అమ్మ బిందెకి సంబంధించిన పథకం అదే.

ఇక టెక్నాలజీ సంగతి. స్మార్ట్ సిటీల ఫొటోల్లో గోడంత తెర, దాని ముందు వరసగా కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్లు కనిపిస్తారు. దాన్ని కమాండ్ కంట్రోల్ సెంటర్ అంటారు. 100 నగరాల్లోనూ అవి పెట్టారు. కరోనా కాలంలో ఆసుపత్రి పడకలు, అంబులెన్సులు చూసుకోవడానికి చాలా నగరాలు వాటినే వాడుకున్నాయి. వినడానికి పెద్ద విషయంలా ఉంటుంది గాని అది పనిచేసే తీరు తేలికే. ఎక్కడో ఒక సెన్సర్ ఏదో ఒకటి కొలుస్తుంది. ఆ అంకె సిమ్ కార్డు మీదుగానో ఫైబర్ మీదుగానో కేంద్రానికి వస్తుంది. తెర మీద కనిపిస్తుంది. దాన్ని చూసి ఒక మనిషి లేచి వెళ్లి ఏదో ఒకటి చేస్తాడు. ఈ నాలుగు లింకుల్లో మొదటి మూడింటినీ టెండరు పిలిచి కొనుక్కోవచ్చు. నాలుగోది కొనడానికి దొరకదు. ఆ మనిషికి ఉద్యోగం ఉండాలి, పాన ఉండాలి, రోడ్డు తవ్వడానికి అనుమతి ఉండాలి, రాత్రిపూట వెళ్లడానికి బండి ఉండాలి. నేను ఒక ఊళ్లో గాలి నాణ్యత చూపించే బోర్డు చూశాను. వరసగా మూడు సార్లు వెళ్లినప్పుడూ అది ఆరిపోయే ఉంది. నిర్వహణ కాంట్రాక్టు అయిపోయిందని పక్కన పాన్‌షాపాయన చెప్పాడు.

నీళ్ల దగ్గరకే మళ్లీ వద్దాం. సెన్సరు నిజంగా ఎక్కువ మేలు చేసేది అక్కడే అని నా నమ్మకం.

2011 లెక్కల ప్రకారం బరంపురం జనాభా మూడున్నర లక్షలు దాటింది. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలన్నది దేశంలో అనుసరించే ప్రమాణం. అంటే అప్పటి జనాభాకే రోజుకి దాదాపు 4 కోట్ల 80 లక్షల లీటర్లు. ఋషికుల్య వైపు నుంచి ఆ నీళ్లు తోడి, శుద్ధి చేసి, ట్యాంకులకెక్కించి వీధులకు వదలాలి. వదిలినదంతా ఇళ్లకి చేరదు. ఎప్పుడూ నీళ్లుండే పెద్ద పైపులో నిమిషానికి ఒక్క లీటరు కారే పగులు ఉందనుకుందాం, కంటికి కూడా ఆనదు. రోజుకి 1,440 లీటర్లు. పది మందికి సరిపడే నీళ్లు భూమిలోకి పోయినట్టే. నీటితో పాటు కరెంటూ పోతుంది, ఎందుకంటే మున్సిపాలిటీల కరెంటు బిల్లులో పంపులదే పెద్ద వాటా. పర్యావరణం, సుస్థిర అభివృద్ధి అంటూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడేటప్పుడు ఈ చిన్న పగులు ఎవరికీ గుర్తురాదు. ఎన్ని సోలార్ పలకలు పెట్టినా కారే పైపు ఆ లాభాన్ని తినేస్తుంది.

మరి కంటికి కనిపించని పగుల్ని పట్టుకోవడం ఎలా? దీనికి ఇంజనీర్లు వాడే చక్కటి ఉపాయం ఒకటుంది. ఊరిని చిన్న చిన్న మండలాలుగా విడదీసి, ఒక్కో మండలానికి నీళ్లు వెళ్లే దారి దగ్గర ఒక ప్రవాహం మీటరు పెడతారు. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య ఊరంతా నిద్రపోతుంది. ఎవరూ స్నానం చెయ్యరు, బట్టలుతకరు. ఆ సమయంలో కూడా మీటరు జోరుగా తిరుగుతుంటే ఆ నీళ్లు తాగుతున్నది భూమే అన్నమాట. ఏ మండలంలో ఎక్కువ తిరుగుతోందో అక్కడ ముందు తవ్వాలి. ఊరంతా తవ్వే పని తప్పుతుంది. స్మార్ట్ నీటి వ్యవస్థ అనేదాంట్లో నాకు బాగా నచ్చింది ఇదే. ఇందులో కృత్రిమ మేధ వంటి పెద్ద హంగేమీ లేదు. ఒక మీటరు, ఒక గడియారం, కాస్త తెలివి.

ఈ తెలివి మాకు కొత్తదేమీ కాదు. నా చిన్నప్పుడు మా వీధికి వాల్వు తిప్పే పెద్దాయన ఒకరు వచ్చేవారు. భుజం మీద పొడుగాటి వాల్వు తాళం, చేతిలో ఒక ఇనుప కడ్డీ. ఒక రాత్రి కరెంటు పోయి బయట పడుకున్నప్పుడు ఆయన కడ్డీని రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని నిలబడటం చూశాను. ఏం చేస్తున్నారని అడిగితే దగ్గరకు రమ్మని కడ్డీ నా చెవికి ఆనించారు. “వాన కురిసినట్టు ఇనిపిస్తాదా బాబూ? అదే లీకు. పగలు బళ్ల గోలలో ఇనిపించదు, అందుకే రాత్రి వస్తాను.” ఇప్పుడు పైపుకి అతికించే మైక్రోఫోన్ సెన్సర్లు చేసేది సరిగ్గా ఇదే, ఒకేసారి వంద చోట్ల. ఆయన రిటైరయ్యాక ఆ కడ్డీ ఎవరి చేతికీ రాలేదు. సెన్సర్లు వచ్చేలోపు మధ్యలో ఎన్నో ఏళ్లు ఆ చెవి లేకుండా గడిచిపోయాయి.

అయితే రాత్రి ప్రవాహం చూడాలంటే రాత్రి పైపులో నీళ్లుండాలి. గంటన్నర వదిలి ఆపేసే చోట ఈ లెక్క కుదరదు. ఇంకో పెద్ద ప్రమాదం కూడా ఈ ఆపడంలోనే ఉంది. నీళ్లు ఆగిపోయాక పైపు ఖాళీ అవుతుంది. లోపల ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి బయటి తడిని లోపలికి పీల్చుకుంటుంది. పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ మురుగే లోపలికి వెళ్తుంది. టుల్లు మోటారు ఈ పీల్పుని ఇంకా పెంచుతుంది. శుద్ధి కేంద్రంలో ఎంత క్లోరిన్ వేసినా కుళాయి దగ్గరకు వచ్చేసరికి నీళ్లు పాడవడం, వానాకాలంలో కామెర్లు, విరేచనాలు రావడం చాలావరకు ఇందువల్లే. ఇరవై నాలుగు గంటలూ నీళ్లిచ్చే వ్యవస్థలో పైపు ఎప్పుడూ నిండుగా ఉంటుంది, ఒత్తిడి లోపలి నుంచి బయటికే ఉంటుంది. పగులుంటే నీళ్లు బయటికి పోతాయే తప్ప మురుగు లోపలికి రాదు.

రోజంతా కుళాయి ఇస్తే జనం నీళ్లు వృథా చేస్తారని చాలామంది భయం. నాకూ మొదట్లో ఆ అనుమానం ఉండేది. కానీ మా వీధిలోనే చూడండి, నిన్నటి బిందెలు పారబోస్తున్నది నీళ్లు రోజంతా రాకపోవడం వల్లే. ఎప్పుడు తిప్పినా వస్తుందని నమ్మకం ఉన్నవాళ్లు ట్యాంకులు నింపుకోరు, సంపులు పొర్లించరు. ఒడిశాలో ఇది చేసి చూపించిన ఊరుంది. 2021 జూలై 26న పూరీ నగరమంతటికీ కుళాయి నుంచే నేరుగా తాగగలిగే నీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఇస్తున్నట్టు ప్రకటించారు. దేశంలో అలాంటి మొదటి నగరం అది. తర్వాత రాష్ట్రంలోని మిగతా పట్టణాలకూ ఆ పని విస్తరిస్తూ వచ్చింది.

పూరీ సంగతి చెప్పేటప్పుడు అందరూ శుద్ధి కేంద్రం గురించీ, ఆన్‌లైన్ క్లోరిన్ మీటర్ల గురించీ చెబుతారు. అవి కావాలి. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది జాతీయ ప్రమాణం, అది ప్రతి గంటా కొలవకపోతే జనం నమ్మరు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యంగా కనిపించేది ‘జలసాథి’ల ఏర్పాటు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు వీధి వీధికీ తిరిగి మీటరు చూస్తారు, బిల్లు వసూలు చేస్తారు, చిన్న కిట్‌తో నీళ్లు పరీక్షిస్తారు, లీకు కనిపిస్తే కబురందిస్తారు. వసూలులో కొంత వాళ్లకి దక్కుతుంది. ఇందాక నాలుగో లింకు అన్నానే, అది వీళ్లే. వంటింట్లోకి వచ్చి “నీళ్లు ఎలా వస్తున్నాయమ్మా” అని అడగగలిగే మనిషి ఏ కమాండ్ సెంటర్‌లోనూ లేదు.

మీటరు పెడితే పేదవాళ్ల మీద భారం పడుతుందన్న మాట కూడా వింటుంటాను. అందులో నిజముంది. అయితే మీటరు లేనప్పుడు లాభపడుతున్నది మోటారు కొనుక్కోగలిగినవాడు. కనీస అవసరానికి తక్కువ ధర పెట్టి, పైన వాడేవాళ్లకి ఎక్కువ పెడితే ఆ అన్యాయం కొంతైనా తగ్గుతుంది.

వాన నీళ్ల లెక్క ఇంకోలా ఉంటుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఒక్క ఎకరం మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే రెండు లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు నలభై. ఆ ఎకరం మట్టినేల అయితే చాలా భాగం ఇంకుతుంది. సిమెంటు చేసేస్తే దాదాపు మొత్తం నిమిషాల్లో కాలువలో పడుతుంది. పాత బరంపురం కట్టినవాళ్లు చెరువుల్ని ఊళ్లోనే ఉంచారు. రామలింగం చెరువు దగ్గర సాయంత్రం నడకకి వెళ్లేవాళ్లలో చాలామంది దాన్ని పార్కు అనే అనుకుంటారు, నిజానికి అది వానకి ఊరు ఇచ్చిన చోటు. కాలువలో నీటిమట్టం కొలిచే సెన్సర్ పెడితే వరద వస్తోందని అరగంట ముందు తెలుస్తుంది, మంచిదే. కానీ చెరువు పూడ్చేసిన చోట సెన్సరు చెప్పగలిగింది ఒక్కటే, మీ ఇంట్లోకి నీళ్లొస్తున్నాయని. ముందు ఏ కాలువ ఏ చెరువుకి పోయేదో పాత మ్యాపులతో సరిచూడాలి. ఆ పనికి ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ మ్యాపులు బంగారంలా పనికొస్తాయి.

మురుగు విషయంలో ఒడిశా చేసిన పని గురించి మన తెలుగువాళ్లకి ఎక్కువ తెలియదు, అందుకే చెప్పాలనిపిస్తోంది. భూగర్భ డ్రైనేజీ వెయ్యాలంటే వందల కోట్లు, ఏళ్ల తరబడి తవ్వకాలు. మన ఊళ్లలో ఎక్కువ ఇళ్లకి సెప్టిక్ ట్యాంకులే. రెండు మూడేళ్లకోసారి దాన్ని ఖాళీ చేయించాలి. ఇన్నాళ్లూ ఆ బండివాళ్లు తోడినదాన్ని ఊరి బయట పొలం గట్టునో, గెడ్డలోనో రాత్రికి రాత్రి వదిలేసేవారు. ఒడిశాలో 14420కి ఫోన్ చేస్తే బండి వస్తుంది, తోడినది శుద్ధి కేంద్రానికి వెళ్లాలి. బండికి జీపీఎస్ పెట్టడానికి కారణం అదే, మధ్యలో ఎక్కడ ఆగిందో తెలియడానికి. ఆ కేంద్రాల్లో చాలావాటిని స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు నడుపుతున్నారు, కటక్‌లో హిజ్రాల సంఘానికి అప్పగించారు. శుద్ధి కూడా ఎక్కువ చోట్ల తేలిక పద్ధతిలోనే: బురద పేరుకునే తొట్లు, గాలి తగలని గదులు, ఆపైన కంకర మీద పెంచిన మొక్కలు. పల్లం ఉంటే చాలు, నీళ్లు వాటంతట అవే ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోతాయి. తుఫానుకి వారం రోజులు కరెంటు పోయినా ఆగవు. మా తీరంలో కట్టే ఏ వ్యవస్థకైనా ముందు పెట్టాల్సిన పరీక్ష అది.

వీధి దీపాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2015 జనవరి 5న మొదలైన జాతీయ కార్యక్రమంతో పాత సోడియం దీపాల బదులు ఎల్ఈడీలు వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక విశాఖలో దాదాపు 90 వేల దీపాలు మార్చేశారు. కరెంటు సగానికి తగ్గుతుంది, ఎక్కడ ఆరిందో ప్యానెల్ చెబుతుంది. చౌకగా, త్వరగా ఫలితం వచ్చే పని. కెమెరాల విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఠాకురాణీ జాతర రోజుల్లో పాతబస్తీ సందుల్లో జనం తొక్కిసలాడకుండా కెమెరాలు ఉపయోగపడతాయి, ఒప్పుకుంటాను. కానీ బడ్జెట్‌లో ముందు వాటికి పెట్టి, మిగిలితే పైపులకి పెట్టడం తలకిందుల లెక్క. ఎవరి ముఖం ఎంతకాలం దాచుకుంటారో, ఎవరు చూస్తారో చెప్పకుండా పెట్టడం అంతకన్నా తప్పు.

ఇప్పుడు మా ప్రాంతానికే ప్రత్యేకమైన సంగతి, తుఫాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ముందే దాదాపు పది లక్షల మందిని తరలించారు కాబట్టి ఆ గాలికి తగ్గట్టు ప్రాణనష్టం జరగలేదు. కానీ రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఏ యాప్ అయినా, ఏ తెర అయినా ఆ రోజుల్లో మూగదే. తర్వాత ఒడిశా తీరంలోని ఆరు జిల్లాల్లో 122 చోట్ల సైరన్ టవర్లు పెట్టారు, గంజాం వాటిలో ఒకటి. సముద్రంలోకి వెళ్లబోయే మనిషికి ఫోను చూసే తీరిక ఉండదు, సైరను చెవిన పడుతుంది. మంచి ఆలోచన.

అయితే గోపాల్‌పూర్ తీరంలో వల వేసే నోలియాల ఇళ్లలో మాట తెలుగు. మా అమ్మమ్మ సంగతే చెబుతాను. బజారులో ఒడియా గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం తెలుగే. 2023లో సెల్ బ్రాడ్‌కాస్ట్ హెచ్చరికల్ని పరీక్షించిన రోజుల్లో ఆమె చేతిలో ఫోన్ ఒక్కసారిగా గట్టిగా మోగింది. కంగారుపడి నా దగ్గరకు తెచ్చింది. “ఏటి రాసీసినారో సూడరా, తుపానా?” తెర మీద ఉన్న అక్షరాలేవీ ఆమె చదవగలిగినవి కావు. అది ఉత్త పరీక్షే కాబట్టి సరిపోయింది. సెల్ బ్రాడ్‌కాస్ట్ చాలా మంచి టెక్నాలజీ. ఎస్ఎంఎస్ ఒక్కో నంబరుకి విడివిడిగా వెళ్లాలి, అందరూ ఒకేసారి వాడితే నెట్‌వర్క్‌లో ఇరుక్కుంటుంది. ఇది టవరు నుంచి ఆ చుట్టుపక్కల ఉన్న ఫోన్లన్నిటికీ రేడియోలా ఒకేసారి వెళ్తుంది. ఒకే హెచ్చరికని రెండు మూడు భాషల్లో పంపడానికి సాంకేతికంగా ఏ అడ్డూ లేదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల టవర్లకి తెలుగు కూడా చేర్చమని ఎవరో ఒకరు అడగాలి, అంతే. మేం అడగకపోతే భువనేశ్వర్‌లో కూర్చున్నవాళ్లకి ఆ అవసరం తట్టదు.

సైరన్లు తీరంలో ఉన్నాయి, కానీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఎక్కువ ప్రాణాలు తీసింది గజపతి జిల్లా కొండల్లో. బారఘర దగ్గర వానకి తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. పర్లాకిమిడి ప్రాంతంలో ఆ వార్త విన్న రోజు ఎవరూ మర్చిపోలేదు. కొండల్లో ఎంత వాన పడింది, నేల ఎంత నానింది అని కొలిచే చిన్న పరికరాలు పట్టణంలోని కెమెరాకన్నా చాలా ఎక్కువ విలువైనవి. నదుల సంగతీ అంతే. వంశధార గుణుపురం, కాశీనగర్ దాటి శ్రీకాకుళంలోకి వెళ్తుంది. అక్కడి నీటిమట్టం చూసే గొట్టా బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తుతారు. బాహుదా అయితే ఒడిశాలో పుట్టి, ఇచ్ఛాపురం పక్కగా ఆంధ్రలోకి వెళ్లి, మళ్లీ సోనాపూర్ దగ్గర ఒడిశాలోనే సముద్రంలో కలుస్తుంది. పైన ఒక ప్రభుత్వం కొలిచిన అంకె కింద ఇంకో ప్రభుత్వం తెర మీద అదే నిమిషంలో కనిపించాలి. ఒక్కో నగరానికి ఒక్కో కంట్రోల్ సెంటర్ అనే పద్ధతిలో ఈ అవసరానికి చోటే లేదు.

టెక్నాలజీని జనంతో కలిపితే ఎలా ఉంటుందో చూడటానికి మేం దూరం వెళ్లక్కర్లేదు. మురికివాడల్లో ఉన్నవాళ్లకి భూమి హక్కు ఇవ్వడానికి ఒడిశా 2017లో చట్టం చేసింది. ‘జాగా మిషన్’ పేరుతో తొలి అడుగులు గంజాం, పూరీ జిల్లాల చిన్న పట్టణాల్లోనే పడ్డాయి. డ్రోన్లు ఎగరేసి పైనుంచి ఇళ్లన్నిటినీ ఫొటోలు తీశారు, మ్యాపు గీశారు. ఆ మ్యాపుని కాగితం మీద వేసి వాడలోకి తెచ్చి, ఈ గోడ ఎవరిది, ఈ సందు ఎవరు వాడతారు అని అక్కడివాళ్ల చేతే సరిచేయించారు. ఆ తర్వాతే పట్టాలు. 2019లో దానికి ప్రపంచ హాబిటాట్ అవార్డు వచ్చింది. డ్రోను ఒక్కటే అయితే చిత్రం వచ్చేది. వాడవాళ్లు వేలు పెట్టి చూపించబట్టి అది హక్కు అయింది.

అందుకే స్మార్ట్ సిటీ కంపెనీల ఏర్పాటు నాకు మింగుడు పడదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 విషయాలు రాసిపెట్టింది. నీళ్లు, పారిశుధ్యం, మురికివాడల బాగు అన్నీ వాటిలో ఉన్నాయి. ఆ పనుల మీద నిర్ణయం కంపెనీ బోర్డు తీసుకుంటే మా కార్పొరేటర్‌కి చెప్పడానికి ఏమీ ఉండదు, నేను వెళ్లి అడగడానికి మనిషీ ఉండడు. త్వరగా పని జరుగుతుందని ఇలా చేశారు, కొన్ని చోట్ల జరిగింది కూడా. కానీ డబ్బు ఆగిపోయాక ఆ సెన్సర్ల సిమ్ కార్డు బిల్లు కట్టాల్సింది మళ్లీ కార్పొరేషనే. 2008లో కార్పొరేషన్ అయిన మా ఊరికి ఫిట్టర్లే చాలరు. కొత్త పరికరం ఏది ప్రతిపాదించినా అయిదేళ్ల తర్వాత దాని బ్యాటరీ ఎవరు మారుస్తారని వార్డు సభలో అడగాలి.

నేను ఈమధ్య ఒక చిన్న పని మొదలుపెట్టాను. 20 లీటర్ల బకెట్టు కుళాయి కింద పెట్టి, నిండటానికి ఎంతసేపు పట్టిందో ఫోన్ గడియారంతో చూసి నోట్‌బుక్‌లో రాశాను. కుళాయి రాగానే ఒకసారి, మోటార్లు మొదలయ్యాక ఒకసారి. రెండు నెలలు రాశాక మా వీధిలో ఇంకో నాలుగిళ్లవాళ్లు కూడా రాయడం మొదలుపెట్టారు. కల్వర్టు ఇవతల ఉన్న ఇళ్లలో బకెట్టు నిండటానికి మూడు నిమిషాలు, అవతల ఉన్న ఇళ్లలో పదకొండు. మోటార్ల వల్లే అయితే అంత తేడా ఉండదు. ఆ పుస్తకం కార్పొరేటర్‌కి చూపిస్తే జెరాక్స్ తీయించుకున్నారు. పది రోజులకి ఒక ఇంజనీరు, ఇద్దరు ఫిట్టర్లు వచ్చారు. కల్వర్టు పక్కన ఎండాకాలంలో కూడా పచ్చగా ఉండే గడ్డి దుబ్బు చూపించాను. తవ్వితే మోకాలి లోతులో పాత ఇనుప పైపు జాయింటు ఊడి ఉంది, చుట్టూ మట్టి బురదబురదగా ఉంది.

సాయంత్రానికి అతుకు వేసి పూడ్చారు. మర్నాడు తెల్లవారుజామున మోటార్లు ఎప్పటిలాగే మోగాయి. అవతలి ఇంటి పిల్ల బకెట్టు పెట్టి, గడియారం చూసి, పుస్తకంలో రాసింది: నాలుగు నిమిషాల పది సెకన్లు.